ముప్పై ఆరు శాతం

బైపాస్ ఆపరేషన్ అయి మూడు నెలలు నిండాయి. గుండె ఎంత బలంగా కొట్టుకుంటోందో చూసే ఎకో పరీక్షకి మొగుణ్ణి తీసుకొచ్చింది ఆవిడ. ఆయన టవర్ క్రేన్ ఆపరేటర్. డాక్టరు సంతకం పెడితే సోమవారం నుంచే పని. ఇరవై అంతస్తుల ఎత్తు నిచ్చెన మళ్లీ ఎక్కాలి.

"నోరు జారకు," అన్నాడు ఆసుపత్రి వరండాలో పళ్లు బిగించి. "ఆయాసం గీయాసం అన్నావో, ఊరుకోను."

ఆవిడ తలూపింది. చెబితే ఈయన నిప్పులు తొక్కుతాడు. చెప్పకపోతే ఏ రోజు ఏ కబురొస్తుందో! ముందు నుయ్యి, వెనక గొయ్యి.

గదిలో మసక వెలుతురు. టెక్నీషియన్ ఆయన్ని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద కుట్ల మచ్చ పక్కన చల్లటి జెల్ రాసింది. తెర మీద గుండె కనిపించింది. దాని గోడల్లో ఒకటి చకచకా కదులుతోంది, రెండోది కదిలీ కదలనట్టుంది. ఆ పిల్ల అక్కడే మళ్లీ మళ్లీ కొలిచింది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. "గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలో నిండిన రక్తంలో సగానికి పైగా బయటికి నెట్టాలి. ఆపరేషన్‌కి ముందు ముప్పై శాతం, ఇప్పుడు ముప్పై ఆరు. ఇంకా పెరగాల్సింది. మందులు వాడుతున్నారా?"

"పూట తప్పకుండా."

"అబద్ధం!" ఎప్పుడు లేచి నిలబడిందో ఆవిడకే తెలీదు. "తల తిరుగుతోందని రెండు మాత్రలు మానేశారు. పొద్దున గోడ పట్టుకుని నిలబడిపోయారు."

ఆయన కళ్లెర్రజేశాడు. "రక్తానికి కొత్త దారులేసి కుట్టారుగా, ఇంకేం?"

"దారులు బాగానే ఉన్నాయి," అంది డాక్టరమ్మ. "ఆపరేషన్ అయ్యేదాకా రక్తం చాలక సొమ్మసిల్లిన కండరం తేరుకోడానికే నెలలు పడుతుంది. మాత్రలు దానికి ఊతం. తల తిరిగితే నాకు చెప్పాలి, మోతాదు మారుస్తాను. మూడు నెలలు నిచ్చెన మాటెత్తకండి."

ఆయన జెల్ తుడుచుకుంటూ లేచి కూర్చున్నాడు.

"బరువు గాల్లో ఉండగా కళ్లు తిరిగితే... కింద పది మంది ఉంటారు," అన్నాడు చివరికి, ఎవరికో చెబుతున్నట్టు.

ఫోన్ తీసి మేస్త్రీకి కలిపాడు. "సోమవారం రాలేను. వేరే మనిషిని చూసుకో."

ఫోన్ పెట్టేసి ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు: "ఏ మాత్ర ఎప్పుడో అడిగి రాసుకో. నన్ను నమ్మకు."