ఓటమి లేని గడ్డం

నా మొగుడు అర్విడ్ ఆగస్టు నెలాఖర్లో పాతికమంది కుర్రాళ్ళ ముందు చెయ్యి పైకెత్తి ఒట్టు పెట్టుకున్నాడు. "మన జట్టు ఒక్క మ్యాచ్ ఓడేదాకా నా మొహానికి రేజరు తగలదు," అన్నాడు. కుర్రాళ్ళు గోలగోల చేసి తామూ ఒట్టేశారు. ఎల్మ్‌క్రీక్ కాలేజీ సాకర్ జట్టుకు అతను పందొమ్మిదేళ్ళుగా కోచ్. ఆ జట్టు ఏటా రెండో మ్యాచో మూడో మ్యాచో ఓడుతుంది కాబట్టి నేనూ నవ్వి ఊరుకున్నాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఈ ఏడు ఆ వెధవలు ఓడరే! సెప్టెంబరంతా గెలిచారు, అక్టోబరంతా గెలిచారు, గెలవలేని రోజున డ్రా చేసుకున్నారు. అర్విడ్ గడ్డం మెడ కప్పేసింది. ఒకరోజు ప్రాక్టీసులో విజిల్ కనపడక పావుగంట వెతికి, చివరికి గడ్డంలోంచి తీశాడు. చర్చిలో ముందు వరుసలోని పసిపిల్ల అతన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. కుర్రాళ్ళ సంగతి వేరు. క్లేటన్ అనేవాడికి మొత్తం మొలిచినవి ఏడే వెంట్రుకలు. ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టుకుని మురిసిపోతున్నాడు.

నా బాధేమిటంటే, నవంబరు రెండో శనివారం మా అమ్మాయి బ్రిటా పెళ్ళి. మా పెళ్ళయి ఇరవై ఏడేళ్ళయింది, గోడకు తగిలించుకోదగ్గ ఫోటో మా ఇంట్లో ఒక్కటి లేదు. మా పెళ్ళి ఫోటోలో అర్విడ్ కన్ను బంతి తగిలి వంకాయంత వాచిపోయి ఉంటుంది. బ్రిటాకు పేరు పెట్టినరోజు ఫోటోలో ముక్కుకి పట్టీ. పాతికేళ్ళ పండగ ఫోటోలో జుట్టంతా నీలం రంగు, ఎవరితోనో పందెం ఓడాడట. ఈ ఒక్క ఫోటో అయినా మనిషిలా దిగమని బతిమాలాను.

"ఒట్టు ఒట్టే, మార్గిట్."

"పోనీ కాస్త కత్తిరించవయ్యా!"

"కుర్రాళ్ళు నన్ను నమ్మారు," అన్నాడు గడ్డం నిమురుకుంటూ. అందులోంచి పాప్‌కార్న్ గింజ రాలింది.

మా చుట్టుపక్కల కాలేజీలన్నీ కలిసి ఆడే కాన్ఫరెన్స్ టోర్నమెంటు మా మైదానంలోనే పెట్టారు, పట్టికలో మొదటి స్థానం మాది కాబట్టి. గురువారం సెమీఫైనల్లో రెండు గోల్స్‌తో గెలిచారు. ఊరంతా గంతులేస్తుంటే నేను పళ్ళు నూరాను. శనివారం ఫైనల్. ప్రత్యర్థి సెయింట్ ఆడల్ఫ్ కాలేజీ. గెలిస్తే కప్పు, ఆపైన జాతీయ పోటీలు, వాటితోపాటు గడ్డం. ఓడితే సీజన్ అయిపోయినట్టే, గడ్డమూ పోయినట్టే. సరిగ్గా వారానికి పెళ్ళి.

గోలు వెనకాల తిండి గుడారం నాదే. మాంసం, చిక్కుడుగింజలు వేసి వండే చిల్లీ కూర గిన్నె కలుపుతూ, 'దేవుడా, వీళ్ళని ఓడించు. చిత్తుగా వద్దు, ఒక్క గోల్‌తో, మర్యాదగా' అని దణ్ణం పెట్టుకున్నాను. నా చేతి చిల్లీ తినే కుర్రాళ్ళమీదే ఇలా కోరుకుంటున్నానని సిగ్గేసింది కూడా.

దేవుడు సగమే విన్నాడు. స్కోరు ఒకటి ఒకటి. స్కోరు బల్ల దగ్గర మైకు పట్టుకున్న డెల్బర్ట్ గారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఆఖరి సెకన్లు బిగ్గరగా లెక్కపెట్టారు. "పది... తొమ్మిది... ఎనిమిది..." జనమంతా ఆయనతో కలిసి అరిచారు. సున్నా వచ్చింది, గోల్ రాలేదు. అదనపు సమయంలోనూ అంతే. పెనాల్టీ కిక్కులకి వెళ్ళారు.

చెరో నాలుగు తన్నారు, నాలుగేసి గోల్స్. ఐదోది వాళ్ళవాడు వేశాడు. మా ఐదోది క్లేటన్ వంతు. వాడు ఏడు వెంట్రుకలూ ఒకసారి తడుముకుని, పరుగెత్తి తన్నాడు. బంతి గోలు మీదుగా ఎగిరి, గుడారం అంచు దాటి, నా చిల్లీ గిన్నెలో పడింది.

చిల్లీ మొహాన కారుతుండగా ఎగిరి గంతేశాను. ఎవరూ చూడలేదనుకోండి. తర్వాత మైదానంలోకి చూస్తే అర్విడ్ మోకాళ్ళమీద కూలబడి ఉన్నాడు. క్లేటన్ నేలమీద బోర్లా పడి ఏడుస్తున్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. వెళ్ళి ఇద్దరి వీపులూ నిమిరాను. నిమురుతూనే, రేజరు ఏ అరలో ఉందా అని ఆలోచించాను.

అప్పుడొచ్చారు డెల్బర్ట్ గారు, చంకలో నిబంధనల పుస్తకంతో.

"కోచ్ గారూ, ఏడవకండి. పెనాల్టీలు కప్పు ఎవరిదో తేల్చడానికే. మ్యాచ్ మాత్రం రికార్డుల్లో డ్రా అనే రాస్తాం. పుస్తకంలో ఉంది."

అర్విడ్ తలెత్తాడు. "అంటే?"

"అంటే మీరు ఈ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు!"

కుర్రాళ్ళు కేక పెట్టారు. క్లేటన్ లేచి డెల్బర్ట్ గారిని భుజానికెత్తుకున్నాడు. కప్పు పట్టుకున్న సెయింట్ ఆడల్ఫ్ వాళ్ళకంటే కప్పు పోయిన మావాళ్ళే ఎక్కువ ఎగిరారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"మరి గడ్డం?" అన్నాను.

"వచ్చే ఆగస్టులో ఓడితే చూద్దాం," అన్నాడు నా మొగుడు.

ఆ మహానుభావుడితో మూడు రోజులు మాట్లాడలేదు. బుధవారం తిన్నగా డెల్బర్ట్ గారింటికి వెళ్ళాను.

"మాస్టారూ, మ్యాచ్ అనిపించుకోవాలంటే ఏం కావాలి?"

ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "జట్టుకు కనీసం ఏడుగురు. ఒక రిఫరీ. ఒక గడియారం."

పెళ్ళికూతురు, ఆరుగురు తోడిపెళ్ళికూతుళ్ళు. వేళ్ళమీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఇంటికొచ్చి అర్విడ్‌తో అన్నాను. "శుక్రవారం మధ్యాహ్నం బ్రిటా జట్టుతో మీకు మ్యాచ్. ఆడతారా? లేకపోతే తోడిపెళ్ళికూతుళ్ళంటే భయమా?"

"భయమా? నా జట్టుకా?" గడ్డం నిక్కబొడుచుకుంది. "కానీ ముందే చెప్తున్నా మార్గిట్, కావాలని ఓడేది లేదు. నా కూతురైనా సరే."

ఆ మాట నాకు కొత్తకాదు. బ్రిటాకు ఐదేళ్ళప్పుడు పెరట్లో రెండు బకెట్లు పెట్టి గోల్ ఆట ఆడేవాళ్ళు. ఈ మనిషి ఒకప్పటి గోల్‌కీపర్. పసిదాని బంతి ఒక్కటి కూడా వదల్లేదు. అది ఏడ్చుకుంటూ లోపలికొచ్చేది, మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

శుక్రవారం ఇరవై నిమిషాల మ్యాచ్. బ్రిటా వైపు ఏడుగురు, కుర్రాళ్ళ వైపు ఏడుగురు. రిఫరీ, గడియారం, మైకు, అన్నీ డెల్బర్ట్ గారే. కుర్రాళ్ళు రాత్రికి రాత్రే మంచివాళ్ళయిపోయారు. ఒకడికి కాలు పట్టేసింది, ఇంకొకడు బూటు లేసు కట్టుకుంటూ కూర్చున్నాడు, మూడోవాడు "మీరు ముందు వెళ్ళండి మేడమ్" అని దారిచ్చాడు. అర్విడ్‌కి మొహం ఎర్రబడింది, కనిపించినంత మేరకు. "సిగ్గులేదట్రా!" అని అరిచి, కీపరుని పక్కకి తోసి తనే గోల్లో నిలబడ్డాడు. అంతే, ఇంక బంతి పోతే ఒట్టు. తోడిపెళ్ళికూతుళ్ళు ఎన్ని తన్నినా పట్టేశాడు. కుర్రాళ్ళూ అటు ఒక్క గోల్ వెయ్యలేదు కాబట్టి స్కోరు సున్నా సున్నా.

"ఇరవై సెకన్లే ఉన్నాయి!" అన్నారు డెల్బర్ట్ గారు. సరిగ్గా అప్పుడు క్లేటన్ సొంత గోలు ముందు బంతిని రెండు చేతులా ఎత్తుకుని, బిడ్డలా జోకొట్టాడు.

"పెనాల్టీ!" విజిల్ మోగింది.

బ్రిటా బంతి పెట్టింది. డెల్బర్ట్ గారు గడియారం ఆపి, మళ్ళీ కదిలించి లెక్క మొదలెట్టారు. "పది... తొమ్మిది..." తండ్రీ కూతుళ్ళు ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు.

"ఏడవకూడదు మరి, నాన్నా," అంది.

"తన్నవే ముందు!"

తన్నింది. అర్విడ్ కుడివైపు దూకాడు. బంతి ఎడమవైపు వెళ్ళింది.

నేలమీద పడుకునే అరిచాడు: "ఓడిపోయాను! నా కూతురు నన్ను ఓడించింది!" బ్రిటా వెళ్ళి అతనిమీద పడింది. ఏడ్చింది మాత్రం అతనే. ఒక సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అర్విడ్ గోల్లో నిలబడితే బంతి కదిలేదాకా కదలడు. ఇరవై ఏడేళ్ళుగా చూస్తున్నాను. ఆరోజు బ్రిటా కాలు బంతికి తగలకముందే దూకేశాడు.

సాయంత్రం నేనే దగ్గరుండి గీయించాను. నురగ కడిగి తలెత్తేసరికి అసలు సంగతి బయటపడింది. రెండున్నర నెలలు ఎండలో నిలబడ్డ మనిషి కదా, ముక్కు నుంచి పైకి ఇటుక రంగు. కిందంతా ఉడికించి వలిచిన గుడ్డు.

పెళ్ళి ఫోటో హాల్లో గోడకు తగిలించాను. వచ్చినవాళ్ళంతా అర్విడ్ మొహానికి ఏమైందని అడుగుతారు. కూతురి చేతిలో ఓడిపోయాడని చెప్తాను.