జేబుకు వేసిన కుట్లు

దర్జీకి ఒళ్లు మండిపోతోంది. గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకోమని కూతురు ముచ్చటపడి కొనిచ్చిన వాచీ అది. నిన్నటిదాకా ఆ వాచీ గుండె కొట్టుకోవడాన్ని గీతలు గీసి మరీ చూపించింది. ఇవాళ ఆ గీతల మీద తాళం బొమ్మ వేసి, చూడాలంటే నెలనెలా చందా కట్టమంటోంది. గుండె తనది, వాచీ తనది, తాళం మాత్రం ఎవడిదో!

ఆ వాచీ అమ్మిన షాపు యజమాని అప్పుడే కొత్త కోటు కోసం వచ్చాడు. దర్జీ నిలదీశాడు.

"నా చేతుల్లో ఏముంది మాస్టారూ? కంపెనీవాళ్ల రూలు," అంటూ ఆయన కోటు తొడుక్కుని జేబులో చెయ్యి పెట్టబోయాడు. దూరలేదు. రూపు చెడకుండా కొత్త కోటు జేబులు కుట్టేసి ఉంచడం, ఇచ్చేటప్పుడు ఆ కుట్లు విప్పడం దర్జీకి అలవాటు. ఇవాళ విప్పలేదు.

"ఇదేంటి, జేబు మూసుకుపోయింది?"

"లోపల జేబు ఉంది సార్. చెయ్యి పెట్టుకోవాలంటే నెలనెలా కట్టాలి."

షాపు యజమాని నవ్వాడు. దర్జీ నవ్వలేదు.

"కోటుకి డబ్బులిచ్చాను కదయ్యా!"

"వాచీకి మా అమ్మాయి ఇవ్వలేదా?"

ఆయన మొహం మాడిపోయింది. దర్జీ కత్తెర తీసి టకటకా కుట్లు తెంపేశాడు. తర్వాత వాచీ ఉన్న చెయ్యి ఆయన ముందుకు చాపాడు.

"నాది తెరిచాను. ఇప్పుడు మీది తెరవండి."