బ్రేకుల డబ్బుతో రోడ్డు

కుక్కరు పిడికి ఉండాల్సిన స్క్రూ లేదు. దాన్ని పీకి అత్తయ్య కుర్చీ కాలికి బిగించింది మా ఆయనే.

"ఇల్లనుకున్నారా, మీ షెడ్డనుకున్నారా? ఒకదాని పొట్ట కొట్టి ఇంకోదానికి పెట్టడానికి!"

"కుర్చీ ఊగుతోందని రోజూ సణిగిందెవరు మరి?"

"నన్ను మధ్యలోకి లాగకండర్రా," అంది అత్తయ్య, ఆ కుర్చీలోనే దర్జాగా కూర్చుని.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. అక్కడికి కొత్త సామాను రావడం ఎప్పుడో తగ్గిపోయింది. మూలపడ్డ బండి నుంచి ఊడదీసి నడిచే బండికి వేస్తారు. ఒకరు ఊడదీస్తే ఒకరు అరగదీసి సరిచేస్తారు, ఇంకొకరు బిగిస్తారు. తెల్లారేసరికి ఏ బండీ షెడ్డులో ఉండిపోకూడదని వాళ్ల పంతం. తమ చేతిలో పడ్డ బండి ఆగదని గొప్పగా చెప్పుకుంటారు.

ఆ రోజే కూరగాయల సంచీతో బస్సులో వస్తున్నాను. డ్రైవరు వెనక సీటే దొరికింది. ఆయన్ని కాలనీ అంతా బాబాయ్ అంటుంది. ఆసుపత్రి దాటాక రోడ్డు పల్లంలోకి దిగుతుంది. బాబాయ్ కాలు బ్రేకు మీద పడింది. పడ్డ కాలు అడ్డమేమీ లేనట్టు నేలదాకా దిగిపోయింది. మళ్లీ తొక్కాడు. బస్సు వేగం పెరిగింది.

"పట్టుకోండి! గట్టిగా పట్టుకోండి!"

కింద బడి పిల్లలు రోడ్డు దాటుతున్నారు. బాబాయ్ స్టీరింగు విరిచి తిప్పి బండిని రాతిగోడకు రాసేశాడు. రేకు చీలింది. అద్దాలు మా ఒళ్లో రాలాయి. బస్సు ఆగింది. అందరం బతికే ఉన్నాం.

నుదుటి నెత్తురు తుడుచుకోనివ్వకుండానే పోలీసులు బాబాయ్‌ని జీపెక్కించారు. నిర్లక్ష్యంగా నడిపాడట.

"బ్రేకు పడలేదండీ, నేను చూశాను," అన్నాను.

"నువ్వేమన్నా మెకానిక్కువా అమ్మా?"

మెకానిక్కు భార్యననబోయి, వంగి కూరగాయలు ఏరుకున్నాను. ఆ బ్రేకు మా ఆయన షెడ్డులో బిగించినదే.

సాయంత్రానికి డిపో గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. మేనేజరు మెట్ల మీద నిలబడ్డాడు.

"బ్రేకులు బాగానే ఉన్నాయి. కాదంటారా? అయితే బిగించినవాడెవడో చెప్పండి. వాణ్ణి పంపిద్దాం జైలుకి."

అంతే, గుంపు రెండుగా చీలింది.

"చెప్పండ్రా! మీ అతుకుల బండికి మా బాబాయ్ ఊచలు లెక్కపెట్టాలా?" అని ఒక డ్రైవరు మెకానిక్కుల మీదికొచ్చాడు.

"సామాను లేకపోతే నా ఎముకలు అరగదీసి వెయ్యమంటావా?" అన్నాడు షెడ్డువాడు. చొక్కాలు పట్టుకున్నారు. మేనేజరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. వీళ్లిలా కొట్టుకున్నంతసేపూ అతన్ని అడిగేవాళ్లుండరు.

అందరూ అక్క అని పిలిచే కండక్టరు వాళ్లను నెట్టుకుంటూ ముందుకొచ్చింది.

"సార్, ప్రతి టికెట్టు మీదా భద్రతా సుంకం కోస్తున్నా. బ్రేకులకీ టైర్లకీ అని చెప్పి ముసలీముతక దగ్గర కూడా వసూలు చేస్తున్నా. ఆ డబ్బేదీ?"

"అది ప్రభుత్వ రవాణా నిధికి వెళ్తుంది. ఆ సుంకాన్నే హామీగా చూపించి, కొత్తగా వేసిన పెద్ద రోడ్డుకి అప్పు తెచ్చారు. ముందు అప్పు వాయిదా, మిగిలితే మీ సామాను. అది పైవాళ్ల నిర్ణయం, నా చేతిలో లేదు."

"ఆ రోడ్డెక్కితే మన బస్సు దగ్గరే టోలు గుంజుతున్నారు!" అని ఎవరో అరిచారు.

"సొమ్మొకడిది, సోకొకడిది!"

"రోడ్డు కాంట్రాక్టరుకి బిల్లు ఏనాడైనా ఆగిందా సార్?" ఇది కాలేజీ పిల్లల్లోంచి మా అమ్మాయి గొంతు.

అక్క మెకానిక్కుల వైపు తిరిగింది.

"మిమ్మల్నీ అంటా తమ్ముళ్లూ. సామాను ఇవ్వకపోయినా బండి కదులుతుంటే వాళ్లెందుకిస్తారు? మీ పనితనాన్నే వాళ్లు ఖజానా చేసుకున్నారు."

ఎవరెంత తిట్టినా తలెత్తి నిలబడ్డ మా ఆయన ఆ మాటకు తల దించేశాడు.

"రేపు బండ్లు కదలాల్సిందే," అన్నాడు మేనేజరు. "షెడ్డువాళ్లని ఒక్కొక్కర్నే పిలుస్తా." లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. మెకానిక్కులూ డ్రైవర్లూ మాట్లాడుకుందామని కలిసి షెడ్డులోకి నడిచారు. మేం ఇళ్లకొచ్చేశాం.

ఆయన వచ్చాక అందరికీ అన్నాలు వడ్డించాను. ఇక దాచలేకపోయాను.

"నేను సాక్ష్యం చెప్తాను. బాబాయ్ కాలు నేలదాకా దిగడం చూశాను."

అత్తయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. "నీ మొగుణ్ణి నువ్వే పట్టిస్తావా?"

"బాబాయ్ బండి తిప్పకపోతే ఇవాళ ఎంతమంది పిల్లల్ని మోసుకొచ్చేవాళ్లం అత్తయ్యా?"

మా ఆయన కలిపిన అన్నమే మళ్లీ కలుపుతున్నాడు.

"తను చెప్తేనే మంచిదమ్మా," అన్నాడు చివరికి. "మేం తేల్చుకునే వచ్చాం. ఒక్కొక్కళ్లుగా ఎవరం లోపలికెళ్లం. బిగించిందెవరంటే షెడ్డంతా చెయ్యెత్తుతాం. సామాను ఆపిందెవరో కూడా మేమే చెప్తాం."

"అందర్నీ జైల్లో పెడితే?"

"అందరికీ చోటుండాలి కదా."

"చోటు చాలకపోతే జైలు సుంకం అని టికెట్టు మీద ఇంకోటి వేస్తారు నాన్నమ్మా," అంది అమ్మాయి. అత్తయ్య నవ్వలేదు.

"మీరంతా ఇలా మొండికేసి బస్సులాగితే జనం మిమ్మల్నే తిడతారు, చూసుకో."

"తిట్టనీ. వాళ్లకీ చెప్పుకుంటాం. కొత్త బ్రేకులు వచ్చేదాకా పాత ముక్క ఏ బండికీ వెయ్యం. బాబాయ్ బయటికొచ్చేదాకా ఏ డ్రైవరూ స్టీరింగు ముట్టడు. రేపు ఒక్క బండి కూడా గేటు దాటదు." ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వు పొద్దున్నే స్టేషనుకెళ్లు. చూసింది చూసినట్టు చెప్పు. నా పేరడిగితే, అదీ చెప్పు."