సైరన్ మోగుతుండగా తీసిన తలుపు

“తలుపు తీసింది మీరే, భీమశంకరం గారూ. తప్పు గాలి మీదికి తోసెయ్యకండి.”

ఉమామహేశ్వరి గొంతు పెంచలేదు. ఆస్పత్రి కారిడార్‌లో కూర్చుని, ఎవరి సంగతో చెబుతున్నట్టు అంది. ఎదురుగా, టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఆదివారం తెలుగు బడి నడిపే కమిటీ పెద్ద భీమశంకరం. పక్కన ఆ బడి పిల్లాడు శ్రేయాస్ నాన్న జితేందర్, చేతిలో పులిహోర డబ్బా. లోపల గదిలో ఆమె కూతురు మాయ. కుడి కంటికి కట్టు. చూపు వస్తుందో రాదో డాక్టర్లు ఇంకా చెప్పలేదు.

నిన్న జరిగిందిది. బడి పెట్టింది ఇండియన్ కిరాణా కొట్ల వరసలో ఓ అద్దె హాల్లో. ముందంతా నిలువెత్తు అద్దాలు. సుడిగాలి వస్తోందని టోర్నడో సైరన్ మోగగానే, పాఠం చెబుతున్న ఉమామహేశ్వరి పిల్లల్ని వెనక బాత్‌రూముల పక్క సందులోకి తోలింది. వాళ్లకి వేరే చెప్పే పనే లేదు. స్కూల్లో ఏటా చేసే డ్రిల్లే. గోడవైపు తిరిగి, మోకాళ్ల మీద వంగి, మెడ మీద చేతులు పెట్టుకున్నారు. సందు తలుపు మూసింది. అందరూ పదిలం.

మరి మన పెద్దలో? ఫోన్‌లో వార్నింగ్ రాగానే కార్లెక్కారు. ఏ గండం వచ్చినా పిల్లని చంకనేసుకుని ఇంటికి పరిగెత్తాలి, మనకి తెలిసిన విద్య అదొక్కటే.

జితేందర్ వీధి తలుపు బాదాడు. “శంకరన్నా, నేనే! మా శ్రేయాస్‌ని పంపు, అయిదు నిమిషాల్ల ఇంట్ల ఉంట!”

“తియ్యకండి,” అంది ఉమామహేశ్వరి, హాల్లో ఉన్న భీమశంకరంతో.

“తెలిసినవాడమ్మా. మొహం మీద కాదంటే ఏం బాగుంటుంది?”

మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో మొరటు సామెత ఉండనే ఉంది. అయినా ఆయన వెళ్లి తీశాడు. వెనకే ఇంకో నలుగురు జొరబడ్డారు. అమ్మానాన్నల గొంతు వినగానే పిల్లలు లేచి, సందు తలుపు తోసుకుని హాల్లోకి ఉరికారు. శ్రేయాస్ వాటర్ బాటిల్ మర్చిపోయాడని మాయ దాన్ని పట్టుకుని వెంటపడింది. అప్పుడు పగిలాయి అద్దాలు. టోర్నడో ఆ దారిన రానేలేదు. దాని అంచు గాలే అది.

“తప్పు నాదే అక్కా,” అన్నాడు జితేందర్. “జెర తిను.”

“ఆకలి తెలీట్లేదు.”

నిజంగానే ఏమీ తెలీట్లేదు. ఏడుపు వస్తుందేమోనని పొద్దుటి నుంచీ చూస్తోంది. రాలేదు.

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. “యాన్యువల్ డే దగ్గర పడింది. తలుపు తీసిన సంగతి బడి వాట్సాప్ గ్రూప్‌లో పెట్టకమ్మా. హాల్ వాళ్ల చెవిన పడితే లీజ్ క్యాన్సిల్ చేస్తారు. మాయకి మేమంతా లేమూ?”

“ఎక్కడ ఉంటారు? తలుపు దగ్గరా?”

ఆయన చేతిలో ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“యాన్యువల్ డే ఆపండి,” అందామె, అదే గొంతుతో. “అద్దాల్లేని చోటు దొరికేదాకా బడి తెరవొద్దు. దొరికిన రోజు పాఠం వద్దు. తల్లిదండ్రులందర్నీ రప్పించి, పిల్లల పక్కన నేల మీద వంగబెట్టి డ్రిల్ చేయించండి. రానివాళ్ల పిల్లల్ని చేర్చుకోకండి. వార్నింగ్ పోయేదాకా ఎవరూ కారెక్కి రాకూడదు. వచ్చి బాదితే లోపలికి లాగి తలుపెయ్యండి, ఒక్క పిల్లని కూడా బయటికి పంపకండి. బాదేది నేనైనా సరే. ఫోన్ తియ్యండి. గ్రూప్‌లో ఇప్పుడే పెట్టండి, నా ముందే.”