పార్లరమ్మ నొక్కిన మొటిమ

పార్లరమ్మకు మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, ముక్కులు గుర్తుండేవి. పోస్టాఫీసు క్లర్కు ముక్కు, లెక్కల టీచరు ముక్కు, మందుల షాపావిడ ముక్కు. వాటి మీది నల్లచుక్కల్ని ఆవిరి పట్టి, చివర సన్నటి రింగున్న స్టీలు పుల్లతో ఒక్కొక్కటే పైకి రప్పించడంలో ఆ వీధిలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఈ మాట ఆమే చెప్పుకునేది. నిజం కాబట్టి ఎవరూ కాదనలేకపోయేవారు.

ఆమె కూతుర్ని ఇంటా బయటా అందరూ పిచ్చుక అనేవారు. స్కూలు నుంచి రాగానే బ్యాగు ఓ మూల పడేసి, కౌంటర్ వెనక ఎత్తు స్టూలెక్కి, వచ్చినవాళ్ళందరితో వాగుతూ కూర్చునేది. తమ వంతు కోసం ఎదురుచూసేవాళ్ళకు పొద్దే తెలిసేది కాదు. పిల్ల మొహం అద్దంలా ఉండేది. "దాని మొహమే నా షాపు బోర్డు" అని తల్లి మురిసిపోయేది.

పిచ్చుక పదో తరగతిలోకి వచ్చాక ఆ బోర్డు మీద మొటిమలు లేచాయి.

మొదట ముక్కు మీద నల్లచుక్కలు. అవి పార్లరమ్మకు మంచినీళ్ళ ప్రాయం. తర్వాత నుదుటి మీద చిన్నచిన్న తెల్ల పొక్కులు. వాటినీ తీసింది. ఆపైన చెంపల మీద ఎర్రటివి, వాటిలో కొన్నిటికి చీము. ఇక ఎడమ చెంప మీద లేచిన దానికి అసలు మొనే లేదు. చర్మం కింద ఎక్కడో గోలీకాయలా గట్టిగా ఉండేది. దిండు తగిలినా పిల్ల మూలిగేది.

పార్లరమ్మ చేసిన తప్పల్లా అన్నిటినీ ఒకే గాటన కట్టడం. పైన ఉన్నది మెల్లగా నొక్కితే వస్తుంది, లోపల ఉన్నది గట్టిగా నొక్కితే వస్తుంది, అంతేగా అనుకుంది. చెయ్యి తిరిగిన మనిషి కదా, ఆ చేతి మీద నమ్మకం కాస్త ఎక్కువే. ఒక ఆదివారం షాపు మూసి, పిల్లని కుర్చీలో వెనక్కి వాల్చింది.

"అమ్మా, వద్దమ్మా. ప్రాణం పోతోందమ్మా."

"మొటిమ నొక్కితే ఎవరి ప్రాణాలూ పోవు. పళ్ళు బిగబట్టుకో. ఇదిగో, అయిపోయింది."

అయిపోలేదు. నెత్తురు వచ్చింది గాని లోపలిది రాలేదు. తెల్లారేసరికి చెంప వాచి, కన్ను సగం మూసుకుపోయింది.

అక్కడితో ఆగితే పార్లరమ్మ ఎందుకవుతుంది? మురికి పేరుకుందని రవ్వలాంటి పొడితో రుద్దింది. రుద్దితే మంట పుట్టిందని చిక్కటి క్రీము పట్టించింది. క్రీముతో ఇంకో నాలుగు లేస్తే టూత్‌పేస్టు పూసింది. వచ్చినవాళ్ళు తలా ఒక సలహా పడేసి పోయేవారు, ఆమె దేన్నీ వదిలేది కాదు.

ఓ రోజు పోస్టాఫీసు క్లర్కు నవ్వుతూనే అంది: "మీ అమ్మాయికే తగ్గించలేదు, మాకేం తగ్గిస్తారండీ?"

ఆ మాట పార్లరమ్మకు ఎక్కడో తగిలింది. సాయంత్రం కూతురితో, "కొన్నాళ్ళు లోపలి గదిలో కూర్చుని చదువుకోవే. వచ్చేపోయేవాళ్ళ నోళ్ళు మూయించలేం కదా" అంది. పిచ్చుక బ్యాగు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. షాపులో ఫ్యాను చప్పుడు వినపడటం మొదలైంది.

కొన్నాళ్ళకు పార్లరమ్మ ఒక సంగతి గమనించింది. తను గదిలోకి అడుగుపెడితే చాలు, పిల్ల చెయ్యి దానంతటదే ఎడమ చెంపను కప్పేస్తోంది. అన్నం పెట్టడానికి వెళ్ళినా అంతే, దుప్పటి కప్పడానికి వెళ్ళినా అంతే. కన్నకూతురు తన చేతుల్ని చూసి బెదిరిపోతోంది. మొటిమలు ఇవాళ కాకపోతే రేపు తగ్గుతాయి, ఇది తగ్గకపోతే ఎలా? ఆ భయంతో ఆమెకు అన్నం సహించలేదు.

మొగుడు ఎలక్ట్రీషియన్. మాట తక్కువ మనిషి.

"డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాడు.

"ఇంట్లో నేనుండగా చర్మానికి డాక్టరెందుకండీ? నలుగురూ నవ్వరూ?"

"ఫ్యూజు పోతే నేనే వేస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే కరెంటాఫీసుకి ఫోన్ చేస్తాను. అందులో నాకు నామోషీ ఏముంది?"

చర్మం డాక్టరమ్మ దీపమున్న భూతద్దం పెట్టి పిచ్చుక మొహమంతా నిదానంగా చూసింది.

"ఈ వయసులో చర్మం కింద నూనె ఎక్కువ ఊరుతుంది. రాలిపోవాల్సిన చర్మం రాలక రంధ్రానికి అడ్డం పడుతుంది. ఆ అడ్డం పైకి తెరుచుకుని ఉంటే నల్లచుక్క. నల్లగా ఉందని మురికనుకోకండి, గాలి తగిలి అలా అవుతుంది. మూసుకుని ఉంటే తెల్ల పొక్కు. లోపల సూక్ష్మజీవులు పెరిగి వాస్తే ఎర్రటివి, చీమువి. ఆ వాపు లోతుకి దిగితే ఇదిగో, ఈ గడ్డ. దీనికి బయటికి దారే లేదు. నొక్కితే లోపలే చితికి ఇంకా కిందికి పోతుంది, మచ్చ పడుతుంది. ఇంట్లో ఇంకెవరికైనా వచ్చాయా?"

ఎలక్ట్రీషియన్ గడ్డం గోక్కున్నాడు. "నాకండీ. గుంటలు పడ్డాయి. గడ్డం అందుకే పెంచాను."

పార్లరమ్మ తెల్లబోయింది. ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ చదివిన మనిషి, సొంత మొగుడి గడ్డం కింద ఏముందో ఏనాడూ చూసుకోలేదు.

"మరి దీన్ని ఎవరు నొక్కారు?" అంది డాక్టరమ్మ.

పార్లరమ్మ చేతులు పర్సు కింద దాచుకుంది.

"నేనేనండీ. అద్దంలో చూసుకుంటూ నొక్కుకున్నాను" అంది పిచ్చుక, తల్లి వంక చూడకుండా.

డాక్టరమ్మ పిల్లని కాస్త మందలించి జాగ్రత్తలు చెప్పింది. రుద్దకూడదు, గిల్లకూడదు. పొద్దునా సాయంత్రం మెత్తటి సబ్బుతో కడిగితే చాలు. జిడ్డు క్రీములు మానాలి, తలనూనె నుదుటి మీదికి జారకుండా చూసుకోవాలి, దిండు గలీబు తరచూ మార్చాలి. పూత మందు రాత్రిపూట పల్చగా, లేచినచోటే కాకుండా అవి వచ్చే చోటంతా రాయాలి. గడ్డలకు మింగే మందు. "నెలలు పడుతుంది. మధ్యలో వేరే ప్రయోగాలు చెయ్యకండి" అంది. ఆ చివరి మాట తననే అన్నట్టు పార్లరమ్మకు తోచింది.

ఏదీ చెయ్యకుండా కూర్చోవడం ఆమెకు శిక్షే అయింది. మొదట్లో పిల్ల చర్మం ఎండి పొట్టు లేస్తే క్రీము డబ్బా వైపు చెయ్యి పోయేది, పళ్ళ బిగువున ఆపుకునేది. గలీబులు ఉతకడం ఒక్కటే ఆమెకు మిగిలిన వైద్యం. వాటిని ఉతికి ఉతికి రంగు వెలిసేలా చేసింది.

మెల్లమెల్లగా ఎర్రదనం తగ్గింది. కొత్తవి లేవడం తగ్గింది. ఒకనాడు ఎవరూ పిలవకుండానే పిచ్చుక బయటికొచ్చి స్టూలెక్కింది. ఎడమ చెంప మీద జుట్టు వేలాడేసుకునే ఉంది. జుట్టు కింద, గడ్డ ఉన్నచోట పడ్డ గుంట అలాగే ఉండిపోయింది.

ఆ వారమే బట్టల కొట్టు సేల్స్‌గర్ల్ ఒకమ్మాయి హడావిడిగా వచ్చి కుర్చీలో కూలబడింది. గడ్డం మీద గట్టి గడ్డ.

"రేపు ఫొటో దిగాలండీ. ఎంత నొప్పైనా ఓర్చుకుంటాను, నొక్కి తీసెయ్యండి."

"ఇలాంటిది నొక్కకూడదమ్మా. ముక్కు మీదివైతే తీస్తాను."

"మీరు తియ్యకపోతే ఎదురు పార్లర్‌లో తీస్తారు. ఇంతోటి దానికి బతిమాలించుకుంటారేంటండీ?"

ఎదురు పార్లర్ మాట ఎత్తగానే పార్లరమ్మ మెత్తబడింది. చెయ్యి పనిముట్ల పళ్ళెం దాకా వెళ్ళింది. పుల్ల వేళ్ళ మధ్యకి వచ్చింది కూడా.

పిచ్చుక స్టూలు దిగింది. గబగబా వచ్చి, జుట్టు చెవి వెనక్కి దోపుకుని, చెంప ఆ అమ్మాయి మొహం ముందు పెట్టింది.

"ఇది చూడండక్కా. మీకున్నలాంటిదే. మా అమ్మ నొక్కింది. మా అమ్మ కంటే బాగా నొక్కేవాళ్ళు ఈ వీధిలో లేరు. అయినా ఇలా అయింది."

వంతు కోసం కూర్చున్న క్లర్కు చూపు చేతిలోని పత్రికలోకి దించుకుంది. ఆ అమ్మాయి గుంట వంక చాలాసేపు చూసి, "అయితే ఏం చెయ్యమంటావు?" అంది.

"గుడ్డలో చుట్టి ఐసు పెట్టుకోండి, కొంచెం అణుగుతుంది. తర్వాత డాక్టర్‌కి చూపించుకోండి."

అందరూ వెళ్ళిపోయాక పార్లరమ్మ కుర్చీ తుడుస్తూ, "డాక్టర్ దగ్గర నువ్వే నొక్కుకున్నానన్నావు. ఇక్కడ నలుగురిలో నా పేరు చెప్పావు" అంది. కోపంగా అనాలనుకుంది గాని కోపం రాలేదు.

"అక్కడ నీ పేరు చెప్తే నీ పరువు పోవడం తప్ప ఒరిగేదేం లేదు. ఇక్కడ చెప్పకపోతే ఆ అక్క మొహం పోయేది." పిచ్చుక మళ్ళీ అంది, "అయినా నా మొహమే షాపు బోర్డన్నావుగా."

పార్లరమ్మ కళ్ళు నిండాయి. చెయ్యి పిల్ల చెంప దాకా వెళ్ళి, పిల్ల అప్పట్లో బెదిరిపోవడం గుర్తొచ్చి, గాల్లోనే ఆగిపోయింది. పిచ్చుక చెయ్యి ఈసారి చెంప మీదికి పోలేదు.

"ముట్టుకోమ్మా" అంది. "నొక్కకు, అంతే."