నా కాగితాలు

జగిత్యాలలో మా జూనియర్ కాలేజీ ఆఫీసు గది. సర్టిఫికెట్లు స్కాన్ చేస్తున్న ప్రింటర్ మళ్ళీ ఆగిపోయింది. క్లర్కు రాజలక్ష్మి మేడం దాని పైమూత తెరిచి, లోపల ఇరుక్కున్న కాగితాన్ని గట్టిగా లాగింది. సగమే చేతికి వచ్చింది. ఎవరిదో కులం సర్టిఫికెట్, ఒరిజినల్.

"మీసేవల ఇంకోటి తీస్కుంటడు తియ్," అని ఆ ముక్కను పక్కన పడేసింది.

నా పదో తరగతి మెమో, టీసీ కూడా స్కానింగ్‌కు పెట్టిన కట్టలోనే ఉన్నాయి. వాటి కోసమే అమ్మా నేనూ పొద్దున్నే కొడిమ్యాల నుంచి వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. సిరిసిల్ల పాలిటెక్నిక్‌లో నాకు సీటు వచ్చింది. సాయంత్రంలోగా ఒరిజినల్స్ పట్టుకెళ్ళి చేరకపోతే అది ఇంకొకరికి పోతుంది. ఇక్కడేమో ఎప్పుడు వచ్చినా "సార్ లేడు, రేపు రాండ్రి" అనే మాటే. ఈరోజు సార్ ఉన్నారు, లోపల ఫోన్‌లో మాట్లాడుతున్నారు.

"ఉత్తగ కూసునుడెందుకు ప్రవీణా, గీ పిన్నులన్న తియ్యరాదు," అంది మేడం. "అన్ని స్కాన్ చేసి బోర్డుకు పంపాలె. నా గోర్లన్ని ఇరిగినయి."

లేచి వెళ్ళాను. పిన్నులు తీసి, మడత పడిన మూలలను వేలితో సాపు చేసి, అక్షరాలు పైకి ఉండేలా కొన్ని కొన్నిగా ఫీడర్‌లో పెట్టాను. మిషన్ ఒక్కో కాగితాన్ని లోపలికి లాక్కుని కింది ట్రేలోకి వదులుతోంది. మా క్లాసు శ్రావణ్‌ది వెళ్ళింది. తర్వాత నాది. అది వంకరగా పోకుండా రెండంచులకూ వేళ్ళు ఆనించి పట్టాను. వెనకే టీసీ కూడా పోయింది. రెండూ చిరగకుండా బయటికి వచ్చాయి.

వాటిని తీసి నా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకున్నాను.

"గదేందే? అండ్లనే పెట్టు."

"ఇవి నావి మేడం."

మేడం సార్‌ను పిలిచింది. ప్రిన్సిపాల్ మనోహర్ సార్ ఫోన్ చేతిలో పట్టుకునే వచ్చారు.

"ఏందమ్మా, దొంగతనమా?"

అమ్మ గబుక్కున లేచి చేతులు జోడించింది. "లేదు సారూ, పిల్ల తెల్వక..."

"తెలిసే తీసిన సార్," అన్నాను. "స్కాన్ అయిపోయింది. ముట్టినయని రిజిస్టర్ల సంతకం పెడ్త."

"క్లాసుల ఏమడిగినా నోరు తెరువవు గదనే నువ్వు?"

"గప్పుడు అవసరం రాలే సార్."

మేడం ముఖం తిప్పుకుని ప్రింటర్ మూత వేసింది. సార్ అమ్మ వైపు తిరిగారు. "ఆడివిల్లకు గా మిషన్ల కోర్సు ఎందుకమ్మా? ఈడ సుబ్బరంగ ఎంపీసీ చదువుతది. నువ్వన్న చెప్పు."

అమ్మ నన్ను చూసింది. జోడించిన చేతులు దించి, నా దగ్గర్నుంచి కవర్ తీసుకుని తన సంచిలో పెట్టుకుంది.

"దాని కాయిదాలు సారూ. దాన్నే అడుగుండ్రి."

"పోతే మల్ల ఈ గడప ఎక్కేది లేదు," అన్నారు సార్ నాతో.

"ఎక్కేది లేదు సార్."

రిజిస్టర్ ఎవరూ ఇవ్వలేదు. టేబుల్ మీది నుంచి నేనే లాక్కుని, నా పేరు వెతికి, దాని ఎదురుగా సంతకం పెట్టాను. గడి చిన్నది, అక్షరాలు గీత దాటాయి. అయినా పూర్తి పేరు రాశాను.

బయటికొచ్చాక అమ్మ, "పెద్దసారు ముంగట గట్ల మాట్లాడుతరానే?" అంది.

"మాట్లాడిన గదనే అమ్మా."

బస్టాండ్‌లో సిరిసిల్ల బస్సు అప్పటికే కదిలింది. చేయెత్తి డ్రైవర్‌ను గట్టిగా పిలిచాను. అందరూ నా వైపే చూశారు. చూడనీ అనుకుని మళ్ళీ పిలిచాను. బస్సు ఆగింది.