ఎదురింటి మీదుగా

తల్లి కర్మల నాడు గుండు చేయించుకోనన్నందుకు రాజశేఖర్‌తో ఆయన అక్క కృష్ణవేణమ్మ మాట్లాడటం మానేసింది. పిండం ముట్టిన కాకి ఏ లోకానికి కబురు మోస్తుందో రుజువు చూపమని ఆయన పురోహితుణ్ణి నిలదీశాడు. చివరికి ఆ క్రతువు చిన్నాన్న కొడుకు చేతుల మీదుగా జరిగిపోయింది. ఆమె దాన్ని క్షమించలేదు. తన నిర్ణయం తప్పని ఆయనకూ ఏనాడూ తోచలేదు. మైదుకూరులో వాళ్ళ ఇంటికి సందువైపు రెండు వాకిళ్ళు. ఒకటి భర్త పోయిన ఆమెది, మరొకటి పెళ్ళి చేసుకోని ఆయనది. రెండు అరుగుల మధ్య ఒక మనిషి నిలబడేంత ఎడం.

మాటలు ఎదురింటి తిమ్మమ్మ ద్వారా నడిచేవి.

"తిమ్మక్కా, ఆయప్ప టీవీ రవ్వంత తగ్గించుకోమని చెప్పు. చెవులు చిల్లులు పడతాండాయి" అనేది కృష్ణవేణమ్మ, తమ్ముడు పక్క అరుగు మీద కూర్చుని ఉండగానే.

తిమ్మమ్మ కసవు ఊడ్చటం ఆపి, అక్షరం పొల్లుపోకుండా అప్పగించేది. "ఏమప్పా లెక్కల సారూ, ఇన్యావు గదా? మీ ఇద్దరి నడుమ నా గొంతు పోతాండాది. గలాసెడు మజ్జిగన్నా పోయండప్పా!"

కర్నూలు కళాశాలలో గణితం బోధించినంత కాలమూ ఆయన అభిమాన విషయం గ్రాఫుల నిఘంటు లబ్ధం. గ్రాఫంటే కొన్ని బిందువులు, వాటిలో కొన్నింటిని కలిపే గీతలు. మొదటి గ్రాఫును వీధి అనుకోండి, రెండోదాన్ని ఇల్లు, దాని బిందువులను ఆ ఇంటి మనుషులు అనుకోండి అని మొదలుపెట్టేవాడు. వీధిలోని ప్రతి బిందువు స్థానంలోనూ ఒక ఇంటిని కూర్చోబెట్టాలి. రెండు ఇళ్ళ మధ్య గీత ఉంటే ఆ ఇంటి ప్రతి మనిషికీ ఈ ఇంటి ప్రతి మనిషితో మాటలున్నట్లు; లేకుంటే ఎవరికీ ఎవరితోనూ లేనట్లు. ఒకే ఇంటివాళ్ళైతే మాత్రం ఇంటిలోపలి గీతలు చూడాలి. నిఘంటువులో మొదటి అక్షరం ఒకటైనప్పుడే రెండో అక్షరాన్ని చూసినట్లు. వీధినీ ఇంటినీ తారుమారు చేస్తే సాధారణంగా వచ్చేది వేరే గ్రాఫు.

దాని ధర్మాలలో ఆయనకు బాగా నచ్చినది ఒకటుంది. ఒకే ఇంట్లో ఇద్దరి మధ్య గీత లేకపోయినా, ఆ ఇంటికి పొరుగిల్లు ఒక్కటుంటే చాలు, వారి మధ్య దూరం రెండే. పొరుగింటికి ఒక అడుగు, అక్కడినుంచి వెనక్కి ఒక అడుగు. నల్లబల్ల మీద అది రెండు వాక్యాల రుజువు. రిటైరై వచ్చాక దాన్ని రోజూ కళ్ళారా చూస్తూ బతికాడు.

పోయిన నెల తిమ్మమ్మ రాయచోటిలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. తలుపుకు తాళం పడింది. ఆ సందులో ఒకవైపు శనక్కాయల గోడౌను, మరోవైపు కంపచెట్ల ఖాళీస్థలం. వేరే ఇల్లు లేదు. పొరుగు పోయిన ఇంట్లో ఇక లోపలి గీతలే దిక్కు. అక్కడ గీతే లేదు. అప్పటినుంచి రెండు వాకిళ్ళలోనూ గిన్నెల చప్పుడు తప్ప మనిషి గొంతు వినపడలేదు. టీవీ చప్పుడు ఎక్కువైందని అనేవాళ్ళు లేక, ఆయన దాన్ని పెట్టటమే మానేశాడు.

ఇంతలో కంటికి శుక్లం ముదిరింది. కర్నూలు ఆసుపత్రిలో గురువారం ఆపరేషన్ అన్నారు.

"తోడెవరొస్తారు పెద్దాయనా?" అంది నర్సు.

"రెండో కన్ను పనిచేస్తోందమ్మా. తోడెందుకు?"

"తోడు లేకుంటే డాక్టరు చెయ్యడు. ఇంట్లో ఎవురూ లేరా?"

"ఉన్నారు" అన్నాడు. అది అబద్ధం కాదు.

పాత సహోద్యోగి యేసుప్రసాద్‌కు ఫోన్ చేశాడు. అతను కూతురి కాన్పుకని హైదరాబాదులో ఉన్నాడు. అడగటానికి ఇక మిగిలింది ఒక్కరే. ఈ వాయిదా తప్పితే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలియదు. ఇప్పటికే అచ్చక్షరాలు అలుక్కుపోతున్నాయి. చదవటం పోతే ఆ ఇంట్లో ఆయనకు మిగిలేదేమీ లేదు.

మంగళవారం సాయంత్రం కృష్ణవేణమ్మ తన అరుగు మీద చేటలో కొర్రలు చెరుగుతోంది. ఆయన తన అరుగు మీద కూర్చున్నాడు. అక్క వైపు తల తిప్పబోయాడు, మెడ తిరగలేదు. ఎదురుగా తాళం కనిపించింది.

"తిమ్మక్కా" అన్నాడు.

చేట చప్పుడు ఆగింది.

"మా యక్కకు చెప్పు. గురువారం కర్నూల్లో నాకు కంటి ఆపరేషన్. తోడు ఒకరు రావల్లంట."

గోడౌను ముందు లారీ ఒకటి వెనక్కి వచ్చి ఆగింది. లేచి లోపలికి పోదామనుకున్నాడు.

"తిమ్మక్కా," అంది కృష్ణవేణమ్మ, చూపు తాళం మీదే ఉంచి. "దేవుడే లేడనే మనిషికి తోడు యాలంట, అడుగు."

"దేవుడొద్దులే తిమ్మక్కా. సంతకం పెట్టే మనిషి కావల్లంట."

"సంతకం నాకు రాదనుకున్యాడేమో. బస్సు ఎన్నింటికంట?"

"ఆరుకు."

"అయితే ఐదుకే లెయ్యల్ల. ఆయప్ప నడకకు బస్టాండు శానా దూరం."

చేట మళ్ళీ కదిలింది. తాళం వేసిన ఇల్లు బిందువు కాదని, దాని మీదుగా దారి లేదని ఆయనకు తెలుసు. ఒకరి మాట ఒకరికి వినపడిందంటే లెక్క ప్రకారం ఆ దూరం రెండు కానే కాదు, ఒకటి. ఆ మాట పైకి అంటే అక్క లేచి లోపలికి పోతుందని కూడా తెలుసు.

"ఏ కన్నంట?" అంది ఆమె, ఎదురింటితోనే.

"ఎడమదని చెప్పు తిమ్మక్కా."